తాతబ్బాయి పెళ్ళీ, పికప్పు బ్రేకూ

లంకపాలెంలో పెంకుటింటివాళ్ళ తెలివి చుట్టుపక్కల పది ఊళ్ళకీ తెలుసు. ఎలా తెలుసంటారా? వాళ్ళే వెళ్ళి చెప్పొచ్చారు.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. పెద్దవాడు వీరభద్రం, నడిమివాడు సూరిపండు, కడగొట్టువాడు తాతబ్బాయి. ఈ ముగ్గుర్నీ చిన్నప్పట్నుంచీ పెంచిన మేనత్త బుల్లెమ్మత్త. "ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఒక్కడికే బుర్రుంటుందండి. మిగతావాళ్ళు ఆడు చెప్పింది వింటారు. మా ఇంట్లో ఎవరి బుర్ర ఆళ్ళకే ఉంది" అని వీరభద్రం టీకొట్టు దగ్గర చెప్పుకునేవాడు. నిజమే మరి. పోయిన వానాకాలం గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని ముగ్గురూ తడుచుకుంటూ ఇంటికొచ్చారు. ఆ గొడుగు ఇప్పటికీ కొత్తగానే ఉంది.

వాళ్ళకో పికప్పు బండి ఉంది. కొబ్బరికాయలు వేసుకుని తోటల్నుంచి సంతకి తిరుగుతుంది. ఒకరోజు తాతబ్బాయి బండి నడుపుతుంటే స్టీరింగు వెనకాల పసుప్పచ్చగా చిన్న దీపం ఒకటి వెలిగింది. అంతే. బండి ఇంటిముందు ఆపి కేకేశాడు.

"అత్తా! అగ్గిపుల్ల గియ్యకుండానే బండిలో దీపం ఎలిగిందే!"

బుల్లెమ్మత్త చెయ్యి కడుక్కుని వచ్చి చూసి, రెండు చెంపలూ వేసుకుంది. ఊళ్ళో ఇన్ని బళ్ళుండగా, వాళ్ళ బండిలోనే వెలిగింది. ఇంకేముంది, స్టీరింగుకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, రెండు పువ్వులు పెట్టింది. మర్నాడు దీపం వెలుగు కాస్త తగ్గినట్టు అనిపించి, ఆరిపోకుండా రెండు చెంచాల నువ్వులనూనె ఆ సందులో పోసింది. హారను ఆ రోజు నుంచీ పలకడం మానేసింది.

"నూనె తాగాక గొంతు పట్టేసినట్టుంది, రేపటికి తగ్గుద్దిలే" అన్నాడు సూరిపండు.

ఇలా ఉండగా తాతబ్బాయికి సంబంధం కుదిరింది. పిల్ల పేరు నాగరత్నం. కాలవకి అవతలున్న వేమవరం వాళ్ళది. ఆ పిల్ల తాతబ్బాయిని ముందే ఒకసారి చూసింది. రోడ్డు మీద బాతులు దాటుతుంటే బండి ఆపుకుని కూర్చున్నాడట. చివరి బాతు దాటాక కిందికి దిగి, "ఇంకెవరన్నా ఉన్నారా?" అని చేలోకి తొంగిచూసి అడిగి, అప్పుడు బండి కదిలించాడట. అది చూసినప్పట్నుంచీ ఆ పిల్లకి వేరే సంబంధం ఏదీ నచ్చలేదు. తాతబ్బాయి సంగతి చెప్పక్కర్లేదు. నాగరత్నం ఇచ్చిన కాఫీ తాగకుండా ఇంటికి తెచ్చుకుని దాచుకున్నాడు.

పిల్ల తండ్రి గవర్రాజు గారు ముప్పై ఒక్కేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆ ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క కోడిని కూడా తొక్కలేదు. పెళ్ళికొడుకింట్లో మాటలన్నీ అయ్యాక, వెళ్తూ వెళ్తూ వాకిట్లోని పికప్పులోకి తొంగిచూశాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఈ లైటు ఎన్నాళ్ళనుంచి వెలుగుతోంది?"

"నెలయ్యిందండి. ఆయ్, ఒక్క పూట కూడా ఆరనివ్వలేదండి" అంది బుల్లెమ్మత్త గొప్పగా.

గవర్రాజు గారి మొహం ఎర్రబడింది. "అది ఏబీఎస్ లైటమ్మా. బ్రేకుల్లో జబ్బుందని చెప్పే లైటు. గట్టిగా బ్రేకు కొడితే బండి జారి కాలవలో పడుతుంది. ఈ బండిలో నా కూతురు కాలు పెట్టదు. పెళ్ళిరోజున ముందొచ్చి చూస్తాను. లైటు ఆరిందా, పెళ్ళి. వెలుగుతోందా, పిల్లని తీసుకుని వెనక్కి పోతాను" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

తాతబ్బాయి దీపం ఆర్పేద్దామన్నాడు. పెళ్ళి ఇంకా మూడు రోజులే ఉంది. బుల్లెమ్మత్త మాత్రం ససేమిరా అంది. "పెళ్ళింట్లో దీపం ఆర్పుతారంట్రా? దానంతటది కొండెక్కాలిగానీ మనిషన్నవాడు దీపం ఆర్పకూడదు." అన్నదమ్ములు చాలాసేపు ఆలోచించి, ముందు ఆ దీపం నుంచి ఇంకో దీపం వెలిగించుకుందాం అని తీర్మానించారు. వత్తి తడిపి తెచ్చి ఆ అద్దానికి ఆనించి గంటసేపు పట్టుకున్నారు. అంటుకోలేదు. అద్దం మాత్రం జిడ్డయింది. ఇక లాభం లేదని టౌన్నుంచి మెకానిక్ దావీదు మేస్త్రిని పిలుచుకొచ్చారు.

దావీదు మేస్త్రి నెమ్మదైన మనిషి. అంటే, ఆ ఇంటికి రాకముందు. చేతిలో పలకంత మిషనొకటి తెచ్చి, దాని తీగ స్టీరింగు కింద గుచ్చాడు.

"ఏం చేత్తున్నారండి?" అన్నాడు సూరిపండు.

"ఏం జబ్బో బండినే అడుగుతున్నాను."

సూరిపండు బానెట్టుకి చెవి ఆనించి కాసేపు విన్నాడు. "ఏం చెప్పట్లేదండి. గట్టిగా అడగండి, డీజిలు బండి కదా, ఆ చప్పుడికి చెవులు పోయుంటాయి."

మేస్త్రి సూరిపండుని పక్కకి జరిపి, బానెట్టెత్తి, గొట్టాలు నాలుగువైపులా పాకిన ఇనప పెట్టెని చూపించాడు. "ఇదిగో, ఏబీఎస్ పెట్టె. బ్రేకుకి ఇది బుర్రలాంటిది. చెడిపోయింది. ఇది మార్చాలి."

"బ్రేకుకి కూడా వేరే బుర్రేంటండి, మాకిన్ని ఉండగా!" అని వీరభద్రం నొచ్చుకున్నాడు.

మేస్త్రి ఆ పెట్టె విప్పి, గొట్టాల మూతులకి రబ్బరు బిరడాలు పెట్టి, పెట్టె వాళ్ళ చేతికిచ్చాడు. "నాకు టౌన్లో ఒక లారీ పనుంది. పెళ్ళిరోజు పొద్దున్నే వచ్చి బిగిస్తాను. ఈలోగా రెండే రెండు పనులు. రాజమండ్రి వెళ్ళి అచ్చం ఇలాంటి పెట్టే తీసుకురండి, ఒక్క పిసరు తేడా ఉన్నా పనికిరాదు. రెండోది, ఈ గొట్టాల్లోకి గాలి పోకూడదు. పోయిందంటే బ్రేకు పడదు. జాగ్రత్త" అని చెప్పి బైకెక్కాడు.

గాలి పోకూడదు. ఇంతే కదా! అన్నదమ్ములు బండిని పాకలోకి తోసి కిటికీలకి గోనెలు కట్టారు. ఇంట్లో ఫ్యాన్లు ఆపేశారు. బుల్లెమ్మత్త ఊదుగొట్టం దాచేసింది. బండి దగ్గర కాపలా కూర్చున్నవాళ్ళు ఊపిరి అటు తిరిగి వదులుతున్నారు. అంతా అయ్యాక సూరిపండుకి ఒళ్ళు జలదరించే ఆలోచనొకటి వచ్చింది.

"అన్నయ్యా, బయటి గాలి సంగతి సరే. దొంగని ఇంట్లోనే పెట్టుకున్నాం కదా! నాలుగు చక్రాల నిండా గాలే ఉంది. బ్రేకు దాని పక్కనే ఉంది. మనం కన్నుమూస్తే చాలు, అందులోంచి ఇందులోకి దూరిపోద్ది."

వీరభద్రం తమ్ముణ్ణి కౌగలించుకున్నాడు. ఇంకేముంది, నాలుగు చక్రాల గాలీ తీసేశారు. అదీ ఊరికే తియ్యలేదు, తీసిన గాలి పాకలో ఉండిపోకుండా గోనెసంచుల్లో పట్టి, మూతి బిగించి, ఏటిగట్టు దాకా మోసుకెళ్ళి వదిలొచ్చారు. పదకొండు సార్లు తిరిగారు.

మర్నాడు వీరభద్రం, సూరిపండు రాజమండ్రి వెళ్ళారు. కొట్టువాడు పాత పెట్టె మీద నంబరు చూసి, లోపలికెళ్ళి, కొత్త పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. ఇద్దరూ దాన్ని చూసి మొహాలు చూసుకున్నారు.

"ఇది కాదండి" అన్నాడు వీరభద్రం.

"నంబరు అదేనండీ!"

"నంబరు అదేనండి. కానీ మాది మెరవదండి. దీనికి మూల సొట్ట కూడా లేదు. అచ్చం అలాంటిదే తెమ్మన్నారండి మా మేస్త్రి, ఒక్క పిసరు తేడా ఉండకూడదంట."

"ఇంతకన్నా అలాంటిది దొరకదు" అని కొట్టువాడు దండం పెట్టాడు. సరే, మిగతాది మనమే చేసుకుందాం అని కొనుక్కొచ్చారు. ఇంటికొచ్చాక ముగ్గురూ అరుగు మీద కూర్చుని కొత్తదానికి మసి రాశారు. పాత ఇంజనాయిలు పూశారు. పాతదాని మీద ఎన్ని గీతలున్నాయో చూసి, మేకుతో అన్ని గీతలూ గీశారు. సొట్ట దగ్గర కొంచెం కష్టమైంది. మొదటి దెబ్బకి పడలేదు, రెండో దెబ్బకి పడింది. బుల్లెమ్మత్త పాతదాని సందులో ఎండిపోయి ఉన్న తూనీగని చూసి, అలాంటిదే ఇంకోటి వెతికి తెచ్చి కొత్తదాంట్లో పెట్టింది.

"అబ్బ! కవల పిల్లలు కూడా ఇంత కలవరు" అని వీరభద్రం రెండూ రెండు చేతుల్లో ఎత్తి చూసి మురిసిపోయాడు. అటు తిరిగి చూశాడు, ఇటు తిరిగి చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఒరే, ఇందులో కొత్తది ఏదిరా?"

"నీ ఎడం చేతిలోది అన్నయ్యా."

"నేనిటు తిరిగాను కదరా. ఇప్పుడు ఎడం చెయ్యి ఎటైంది?"

నలుగురూ రెండు పెట్టెల్నీ తిప్పి తిప్పి చూశారు, తేడా దొరకలేదు. తాతబ్బాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పాతది పెట్టేత్తే దీపం ఎలుగుద్ది, నాగరత్నం ఎల్లిపోద్ది" అన్నాడు. ఆ పూట అన్నం ముందు కూర్చున్నాడుగానీ కలపలేదు.

పెళ్ళిరోజు తెల్లవారింది. పెళ్ళి పెళ్ళికొడుకింటి దగ్గరే. ముహూర్తం పదీ నలభై. ఆరింటికల్లా దావీదు మేస్త్రి వచ్చి, నేలకి అతుక్కుపోయిన చక్రాల్ని చూశాడు, కవల పెట్టెల్ని చూశాడు, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఏం జరిగిందో వీరభద్రం వివరంగా చెప్పాడు. సగం విన్నాక మేస్త్రి చాలన్నాడు. సైకిలు పంపు ఒకటి తెప్పించి అన్నదమ్ముల చేత నాలుగు చక్రాలకీ గాలి కొట్టించి, బండిని పాకలోంచి వాకిట్లోకి తోయించాడు. "మన ఏటిగట్టు మీద వదిలిన గాలే వత్తే బాగుణ్ణు, దానికి దారి తెలుసు" అని సూరిపండు పంపు కొడుతున్నంతసేపూ అంటూనే ఉన్నాడు. మేస్త్రి తన మిషను తీగ ఒక్కో పెట్టెకీ గుచ్చి చూశాడు. ఒకటి జవాబు చెప్పింది, ఒకటి చెప్పలేదు. జవాబు చెప్పినదాన్ని చంకలో పెట్టుకుని, చెప్పనిదాన్ని కొబ్బరితోటలోకి విసిరేశాడు. తాతబ్బాయికి ప్రాణం లేచొచ్చింది.

మేస్త్రి బ్యాటరీ తీగలు విప్పాడు. "ఒక పావుగంట ఇలా ఉంచాలి. నేను టీ తాగొస్తాను. నేనొచ్చేదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోకండి" అని వీధి చివరికి నడిచాడు.

అంతే. ముగ్గురన్నదమ్ములూ, బుల్లెమ్మత్తా చేతులు రెండూ పైకెత్తి వాకిట్లో నిలబడిపోయారు. పొయ్యి మీద పాయసానికి పెట్టిన పాలు పొంగాయి. "అత్తా, పాలు!" అన్నాడు సూరిపండు. "ముట్టుకోకూడదురా!" అంది బుల్లెమ్మత్త. పాలు పొయ్యి ఆర్పేశాయి. ఎదురింటి మేక లోపలికొచ్చింది. పందిరికి కట్టిన మామిడాకులు తింది. అరిటాకుల కట్ట తింది. పెళ్ళికొడుకు మెళ్ళో బంతిపూలదండ వేసుకుని ఉన్నాడు కదా, అది కూడా తినడం మొదలెట్టింది. తాతబ్బాయి చక్కిలిగింతలకి మెలికలు తిరిగిపోతున్నాడు.

"ఎల్లవే! ఎల్లమ్మా! మేమిప్పుడు పన్లో ఉన్నాం!" అని వీరభద్రం మర్యాదగా చెప్పి చూశాడు.

మేస్త్రి తిరిగొచ్చేసరికి దండలో దారం మిగిలింది. ఆయన తిట్టడానికి గాలి పీల్చుకున్నాడుగానీ వదిలేశాడు. పెట్టె బిగించడం మొదలుపెట్టి, "బ్రేకాయిలు పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. చుక్క పడటం ఆలస్యం, నీళ్ళు కుమ్మరించెయ్యాలి" అని మాత్రం చెప్పాడు. సూరిపండు బిందె పట్టుకుని కాచుక్కూర్చున్నాడు. చుక్క పడింది. మేస్త్రి చొక్కా మీద పడింది. ఆ చొక్కా నీలంరంగుది. ఇంకో చుక్క పడింది. ఆయన ముక్కు మీద పడింది. ప్రతి చుక్కకీ ఒక బిందె. మూడో బిందెకి మేస్త్రి, "నాకు పెయింటు లేదయ్యా!" అని అరిచాడు.

"ఉన్నదేదో పోకుండా చూత్తన్నానండి" అన్నాడు సూరిపండు.

పెట్టె బిగిసింది. ఇక గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలి. దీనికి ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర చిన్న మర వదులు చేసి గాలి పంపెయ్యాలి. మేస్త్రి తాతబ్బాయిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "నేను తొక్కమంటే తొక్కు. నేను వదలమనేదాకా కాలు తియ్యకు. నేను చెప్పకుండా తీశావో, గాలి మళ్ళీ లోపలికి పోతుంది. ఇన్ని తిప్పలూ గోదాట్లో కలిసినట్టే. నీ పెళ్ళి కూడా."

"తియ్యనండి. ప్రాణం పోయినా తియ్యనండి" అన్నాడు తాతబ్బాయి.

మూడు చక్రాలు బ్రహ్మాండంగా అయ్యాయి. తొక్కు, తొక్కానండి, వదులు, వదిలానండి. నాలుగో చక్రం దగ్గర మేస్త్రి "తొక్కు" అని, గాలి పంపేసి, మర బిగించి లేచాడు. నేరుగా వచ్చి తన మిషను మీద వేలితో నొక్కాడు. స్టీరింగు వెనకాల దీపం టక్కున ఆరిపోయింది. పాత జబ్బు పోయింది, కొత్త పెట్టె పనిలో పడింది. తడిసి ముద్దైన మేస్త్రి మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

సరిగ్గా అప్పుడే బుల్లెమ్మత్త పప్పుగుత్తి పట్టుకుని అటు వచ్చింది.

"ఓరి నీ చెయ్యి విరగ! పెళ్ళింట్లో దీపం ఆర్పేత్తావా! ఏలితో నొక్కి ఆర్పేశాడు, నా కళ్ళారా చూశాను!"

మేస్త్రి చెప్పబోయాడు. పప్పుగుత్తి ముందొచ్చింది. ఇంకేముంది, ఆయన సామాన్ల సంచీ అక్కడే, చెప్పులు అక్కడే. బైకెక్కి వెనక్కి చూడకుండా టౌను దారి పట్టాడు. అందరికీ అన్నీ చెప్పిన మనిషి, తాతబ్బాయికి మాత్రం వదలమని చెప్పకుండా వెళ్ళిపోయాడు.

తాతబ్బాయి బ్రేకు తొక్కుకుని కూర్చున్నాడు.

పదింటికి వేమవరం నుంచి పెళ్ళివారు బస్సులో దిగారు. గవర్రాజు గారు ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా పికప్పు దగ్గరికొచ్చాడు. లోపలికి చూశాడు. లైటు లేదు. స్టార్టు చేయించి చూశాడు. వెలిగి, వెంటనే ఆరింది. మనిషి మొహం విచ్చుకుంది. పెళ్ళికొడుకు కాలు బ్రేకు మీద ఉండటం చూసి ఇంకా సంతోషపడ్డాడు. "పెళ్ళిపూట కూడా బ్రేకు చూసుకుంటున్నాడు. నాలాంటి మనిషే" అన్నాడు. "దిగు బాబూ, పీటల మీదికి పద."

"దిగకూడదండి మావయ్యగారూ. మేస్త్రి వదలమనేదాకా కాలు తియ్యకూడదండి."

"పనైపోయింది కదా. నేను చెబుతున్నాను, తియ్యి."

"మీరు చెబితే కాదండి. ఆయన చెప్పాలండి."

గవర్రాజు గారు నచ్చజెప్పాడు, అరిచాడు, చెయ్యి పట్టి లాగాడు. తాతబ్బాయి కదల్లేదు. పది గంటల ఇరవై నిమిషాలైంది. "ముహూర్తం దాటిందంటే వచ్చిన బస్సులోనే పిల్లని తీసుకుపోతాను. చూసుకోండి మరి!" అని గవర్రాజు గారు కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. బుట్టబొమ్మలా ముస్తాబైన నాగరత్నం తలుపు చాటునుంచి బండి వైపే చూస్తోంది. తాతబ్బాయి కూడా అటే చూస్తున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు, కాలు మాత్రం బ్రేకు మీద. దిగితే బ్రేకు పోయి పెళ్ళి పోతుంది, దిగకపోతే ముహూర్తం పోయి పెళ్ళి పోతుంది. పాపం, అంత చిన్న బుర్రకి అంత పెద్ద చిక్కు రాకూడదు.

వీరభద్రం ఫోను తీసి దావీదు మేస్త్రికి కొట్టాడు. బండి అవతలి పక్కన, మేస్త్రి వదిలేసిన సంచీలో ఫోను మోగింది. అక్కడున్న సూరిపండు తీశాడు.

"అలో! దావీదు మేస్త్రి గారేనాండి?"

"ఆయన లేరండి. ఇప్పుడే ఎల్లిపోయారండి."

"అయ్యయ్యో! తమరెవరండి?"

"నేను సూరిపండునండి, లంకపాలెం."

"మా తమ్ముడి పేరూ అదేనండి! మాదీ లంకపాలెమేనండి!"

"మరి చెప్పరేంటండి! ఏ ఇల్లండి మీది?"

"పెంకుటిల్లండి. ఇవాళ మా ఇంట్లో పెళ్ళండి, తమరు కూడా తప్పకుండా రావాలండి."

"రాలేనండి, ఏం అనుకోకండి. ఇక్కడ మా ఇంట్లో కూడా పెళ్ళండి" అని సూరిపండు ఫోను పెట్టేసి, బండి చుట్టూ తిరిగొచ్చి, "అన్నయ్యా, పాపం ఎవరో మంచాయన, పెళ్ళికి పిలిచారు" అన్నాడు.

పదిన్నర అయ్యింది. పురోహితుడు పందిట్లోంచి, "పెళ్ళికొడుకుని తీసుకురండి!" అని కేకలు మొదలెట్టాడు. వీరభద్రం నుదురు రుద్దుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరి బుర్ర వాళ్ళకే ఉందని చెప్పాను కదా, అందులో పెద్దది ఆయనది.

"ఒరే, మేస్త్రి ఏమన్నాడు? బ్రేకు మీంచి కాలు తియ్యకన్నాడు. అంతేగా? బండిలోంచి బ్రేకు తియ్యకూడదని అన్నాడా?"

"అన్లేదు" అన్నాడు సూరిపండు.

"మరింకేం! కాలు బ్రేకు మీదే ఉంటుంది. బ్రేకునే బండిలోంచి తీసేద్దాం."

అంతే. మేస్త్రి సంచీలో పానాలు ఉండనే ఉన్నాయి. సూరిపండు కిందికి దూరి మర విప్పాడు. తాతబ్బాయి కాలు ఎత్తకుండానే బ్రేకు పెడలు ఊడొచ్చింది. దాన్ని అలాగే అరికాలికి ఆనించి పసుపు తువ్వాలుతో గట్టిగా కట్టేశారు. పెళ్ళికొడుకు టకటకమని కుంటుకుంటూ పీటల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. పంచె కింద కాలు కనబళ్ళేదు. గవర్రాజు గారు కూతుర్ని పీటల మీద కూర్చోబెట్టి తలెత్తేసరికి అల్లుడు ఎదురుగా ఉన్నాడు. చాలాసేపు కూర్చోవడం వల్ల కాలు తిమ్మిరెక్కుంటుంది అనుకున్నాడు.

ముహూర్తానికి జీలకర్రా బెల్లం పెట్టారు. మూడు ముళ్ళూ పడ్డాయి. ఏడడుగులు నడిచేటప్పుడు టక్కు టక్కుమని చప్పుడొస్తుంటే నాగరత్నం తల వంచుకుని పంచె అంచు వైపు చూసింది. సంగతి అర్థమైంది. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. తను అడక్కుండానే తన కోసం ఇంత కష్టపడినవాడు లోకంలో ఇంకొకడుంటాడా అనిపించింది ఆ పిల్లకి. ఎవరికీ చెప్పలేదు.

భోజనాలయ్యాయి. అరిటాకులు మేక తినేసింది కాబట్టి స్టీలు పళ్ళాల్లో వడ్డించారు. తర్వాత కొత్త దంపతుల్ని వేమవరం తీసుకెళ్ళాలి. "బ్రేకు బాగుపడిన బండిలోనే వెళదాం. నేనే ముందు కూర్చుంటాను" అన్నాడు గవర్రాజు గారు దర్జాగా. స్టీరింగు దగ్గర వీరభద్రం, పక్కన గవర్రాజు గారు, ఇద్దరి మధ్యా అరిసెల గంప. వెనకాల తొట్టిలో దుప్పటి పరిచి తాతబ్బాయీ నాగరత్నమూ, వాళ్ళకి తోడు సూరిపండు.

బండి ఊరు దాటి కాలవగట్టు ఎక్కింది. అటు దిగే దగ్గర వాలు. బండి జోరందుకుంది. ఎదురుగా మలుపు, మలుపు పక్కన కాలవ.

"బ్రేకు వెయ్యండి వీరభద్రంగారూ" అన్నాడు గవర్రాజు గారు నింపాదిగా. ఆ కొత్త బ్రేకు ఎలా పడుతుందో చూడాలని ఆయనకి ఉబలాటంగా ఉంది.

"అలాగేనండి" అని వీరభద్రం కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి కేకేశాడు. "ఒరే తాతబ్బాయ్! బ్రేకు తొక్కరా!"

గవర్రాజు గారు కిందికి చూశాడు. క్లచ్చు ఉంది, యాక్సిలేటరు ఉంది. మధ్యలో చిల్లు ఉంది. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో అలాంటి చిల్లు చూడలేదు. చేతిబ్రేకు కోసం తడుముకుంటే చేతికి అరిసెలు తగిలాయి.

"తొక్కే ఉన్నానన్నయ్యా!" అని వెనకనుంచి తాతబ్బాయి. "పొద్దుట్నుంచీ తొక్కే ఉన్నాను!"

"ఇంకా గట్టిగా తొక్కరా!"

తాతబ్బాయి పళ్ళు బిగించి, పెడలు కట్టిన కాలితో తొట్టి అడుగు మీద బలమంతా పెట్టి తొక్కాడు. సరిగ్గా అప్పుడే బండి ముందు చక్రాలు కాలవగట్టు మీద పోసి ఉన్న ఇసకకుప్పలో కూరుకుపోయాయి. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. ముందు చక్రాలు ఇసకలో, వాటి ముందు నీళ్ళు.

"శెభాష్!" అన్నాడు వీరభద్రం. "కొత్త పెట్టె మహిమ. వెనకనుంచి తొక్కినా ఆగింది!"

గవర్రాజు గారు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. నాగరత్నానికి మొగుడి కాలు చూస్తే జాలేసింది. తువ్వాలు బిగుసుకుపోయి పాదం ఉబ్బిపోయింది. ఆ పిల్ల కాస్త ఆలోచించి, అటు తిరిగి, గొంతు బొంగురు చేసుకుని, మేస్త్రి మాట్లాడినట్టే అంది. "ఒరే తాతబ్బాయ్, పనైపోయింది. ఇంక వదిలెయ్!"

"అమ్మయ్య! చెప్పేశారండి!" అని తాతబ్బాయి కాలు పైకెత్తాడు.

బండి బరువుకి అప్పటిదాకా పట్టుకుని ఉన్న ఇసకకుప్ప అప్పుడే జారింది. బండి సుతారంగా ముందుకు కదిలి కాలవలోకి దిగింది.

"కాలు తీశాడ్రోయ్!" అని సూరిపండు కేక. "తొక్కరా, తొక్కు!" అని వీరభద్రం కేక. తాతబ్బాయి బెదిరిపోయి రెండు కాళ్ళతోనూ తొక్కాడు. అప్పటికి చక్రాలు కాలవ అడుగున ఆనాయి. బండి ఆగింది. నీళ్ళు సీటు దాకా వచ్చాయి. అరిసెలు ఒక్కొక్కటే తేలుకుంటూ వేమవరం వైపు బయలుదేరాయి.

గవర్రాజు గారు నడుందాకా నీళ్ళలోనే నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. కాలితో తొక్కితే ఆగింది, కాలు తీస్తే కదిలింది, తొక్కితే మళ్ళీ ఆగింది. కళ్ళారా చూశాడు. ముప్పై ఒక్కేళ్ళ అనుభవం ఆయన మొహంలోంచి కొంచెం కొంచెంగా దిగిపోయింది.

"నాయనా, అల్లుడూ" అన్నాడు రెండు చేతులూ జోడించి. "మేమందరం గట్టెక్కేదాకా ఆ కాలు మాత్రం తియ్యకు."